నడిచే జింకను ఆపే విద్య

మా పక్కింటి అమెరికనావిడ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పేది. చలిగాలి మొదలయ్యిందంటే మాత్రం ఆవిడ వేరే మనిషి. శనివారం తెల్లవారకముందే ఆకుల్లో కలిసిపోయే మచ్చల చొక్కా తొడుక్కుని, విల్లు కార్లో పెట్టుకుని, తమ్ముడి పొలానికి జింకల వేటకు వెళ్లిపోయేది. ఎనభైల మొదట్లో మిషిగన్‌లోని మా నోవై ఊరంటే సగం ఇళ్లు, సగం మొక్కజొన్న చేలు.

ఒక సాయంత్రం కంచె ఇవతల నుంచి ఆ విల్లును తేరిపార చూస్తుంటే, "లాగి చూస్తావా?" అంది. కప్పీలున్న విల్లు అది. సగం దాకా లాగేసరికి నా చేతులు గజగజ వణికాయి. వెనక నిలబడ్డ మా ఆయన కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వే ఆయన కొంప ముంచింది. నేనప్పుడు హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. ఆ వేసవంతా డ్యూటీ దిగగానే పక్కింటి పెరట్లోకే. వేసవి ముగిసేసరికి గడ్డిమోపు నడుమ గీసిన గుండ్రంలో బాణాలు దిగుతున్నాయి. నా అంతటి విలుకత్తె లేదనుకున్నాను.

"గడ్డిమోపు నిలబడుతుంది. జింక నడుస్తుంది," అంది ఆవిడ.

పాత టైరు మధ్యలో అట్ట బిగించి, పెరటి వెనక వాలు మీద నుంచి దొర్లించాలి. దాన్ని నేను కొట్టాలి. దొర్లించే ఉద్యోగం మా ఆయనకు పడింది. కార్ల కంపెనీలో ఇంజనీరు. టైరును ఒక్క తోపు తోసి, కట్టెల మోపు వెనక దూకి దాక్కునేవాడు.

"నేను డిజైన్ ఇంజనీర్ని! టైర్లు దొర్లించడానికా మాస్టర్స్ చేసింది?" అని అక్కణ్ణుంచే అరిచేవాడు.

నా బాణాలన్నీ టైరు దాటిపోయాక తీరిగ్గా వచ్చేవి. ముందుకు గురిపెడితే టైరు మట్టిగడ్డకు తగిలి ఆగిపోయేది, బాణం దాని ముందు నుంచి వెళ్లిపోయేది. వారాల తరబడి ఇదే తంతు. చివరికి ఒకరోజు అట్ట మధ్యలో దిగింది. నేను ఎగిరి గంతేశాను.

"బాగుంది," అంది ఆవిడ. "ఇంక ఎప్పుడూ నడిచే జింక మీద వెయ్యకు."

"మరి ఇన్నాళ్లూ ఈ టైరంతా దేనికి?"

"ముందే చెబితే వినేదానివా?"

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. బాణం వదిలాక అది చేరేలోపు జింక ఒక అడుగు వేస్తుంది. ఊపిరితిత్తులకు గురిపెట్టిన బాణం పొట్టలో దిగుతుంది. అది గంటల తరబడి నరకం పడి ఎక్కడో పొదల్లో చస్తుంది. అందుకని దాన్ని ఆపాలి. దాని తల చెట్టు చాటుకు వెళ్లినప్పుడు విల్లు లాగి, బయటికి రాగానే నోటితో మెల్లగా 'మే' అనాలి. ఏమిటా అని ఆగుతుంది. ఆగితే వదులు. ఆగకపోతే నారి మెల్లగా దించేసి దాన్ని పోనియ్యి. "గట్టిగా అన్నావో, పారిపోతుంది. మరీ మెల్లగా అన్నావో, వినపడక నడిచిపోతుంది. ప్రాక్టీస్ చెయ్యి."

ఎవరి మీద చెయ్యను? ఇంట్లో ఉన్నది మా ఆయనొక్కడే. కాఫీ కప్పుతో హాల్లోంచి వెళ్తుంటే సోఫా వెనక నుంచి "మే" అన్నాను. ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయాడు. మర్నాడు బట్టలబుట్టతో వెళ్తుంటే మళ్లీ. మళ్లీ ఆగాడు. ఆ ఆదివారం మా ఇంట్లో తెలుగువాళ్ల పాట్‌లక్, ఇంటికో వంటకం తెచ్చుకునే విందు. పులిహోర ప్లేట్లతో మగవాళ్లు వరసగా బేస్‌మెంట్‌కి దిగుతున్నారు. తలుపు చాటు నుంచి ఒక 'మే' వదిలాను. వరస మొత్తం మెట్ల మీద నిలబడిపోయింది.

"ఏమయ్యా, మేకని తెచ్చావా ఏంటి?" అన్నారు వాళ్లలో పెద్దాయన, మా ఆయన్ని.

"మేక కాదండీ, మా ఆవిడ. జింకల కోసం ప్రిపేర్ అవుతోంది," అన్నాడు మా ఆయన పాపం, కప్పిపుచ్చుకునే ఓపిక లేక.

అక్టోబరులో లైసెన్స్ తీసుకుని పొలానికి వెళ్లాం. ఓక్ చెట్టుకు కట్టిన మంచె మీద నేను, పక్క చెట్టు మంచె మీద ఆవిడ. చలికి కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. ఉదయం బాగా పొద్దెక్కాక ఒక మగజింక వచ్చింది. ఆఫీసుకు లేటయినట్టు తల వంచుకుని నడుస్తోంది. దాని తల చెట్టు చాటుకు వెళ్లింది. విల్లు లాగాను. బయటికి వచ్చింది. 'మే' అందామని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. అది రెండడుగులు వేసేసింది. కంగారులో గొంతు పెగిలింది.

"ఏవండీ!"

టక్కున ఆగింది. తల ఎత్తి నా వైపే చూసింది. గురి సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. కానీ అది ముందుకాలు ఒకటి గాల్లో పెట్టి, 'ఇప్పుడేం చేశాను?' అన్నట్టు చూస్తోంది. అచ్చం బట్టలబుట్టతో మా ఆయన. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటే ఒళ్లంతా ఊగిపోయింది. నారి దించేశాను. జింక తోక ఎత్తి చెంగున చేల్లోకి దూకింది.

పక్క చెట్టు మీద నుంచి గుసగుసగా ప్రశ్న వచ్చింది. "ఇంతకీ దాన్ని ఏమని పిలిచావు?"

చెప్పాను. మొగుణ్ణి పిలిచే పిలుపని కూడా చెప్పాను. ఆవిడ మంచె కర్ర పట్టుకుని నవ్విన నవ్వుకు ఆ చుట్టుపక్కల ఒక్క జింక మిగల్లేదు. ఆ రోజుకు మా వేట అయిపోయింది.

నవంబరులో ఆవిడకు ఒక జింక దొరికింది. ఒక తొడ మాకిచ్చింది. జీవహింస మీద నాకు నెలరోజులు క్లాసు పీకిన మా ఆయన, అల్లం వెల్లుల్లి వాసనకు వంటింట్లోకి వచ్చి, "టేస్ట్ చూస్తే తప్పేం లేదులే," అన్నాడు. కుక్కర్ మూత తీసేదాకా కదల్లేదు.

భోజనానికి ఆవిణ్ణి కూడా పిలిచాం. అన్నంలో చేత్తో కలుపుకుని తింది. కారానికి కళ్లమ్మట, ముక్కమ్మట నీళ్లు కారుతున్నా గిన్నె వదలదు. మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి, మా ఆయన వైపు తిరిగి, వచ్చే వేసవికి ఇంకా పెద్ద టైరు ఒకటి చూసి పెట్టానంది.