వీడియోలో లేని జవాబు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటి ఇల్లు చేరడమే నేనెరిగిన ఏకైక అద్భుతం. అందుకని నన్ను నమ్మమని అడగను. జరిగింది రాస్తాను, అంతే.

విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రోగులకు దారి చూపించే కౌంటర్ నాది. ఒకరోజు ఉదయం పదకొండింటికి మిర్కో అనే సెర్బియా ఇంజినీరును తీసుకొచ్చారు. గుడివాడ దగ్గర చేపల మేత ఫ్యాక్టరీలో మిషన్ బిగించడానికి వచ్చాడట. అపెండిక్స్ పగిలింది, వెంటనే ఆపరేషన్ చేయాలి. అతనికి వచ్చిన ఇంగ్లీషంతా విడిభాగాల పేర్లే. నొప్పితో మాట ముద్దయిపోయింది. ఫోన్లో అనువాదం యాప్ పెడితే అది మూలుగుకు కూడా అర్థం చెప్పింది.

"రష్యన్ వచ్చినవాళ్లు దొరికితే చాలు" అన్నారు అందరూ, సెర్బియనూ రష్యనూ ఒకటే అన్నట్టు. తెలుగూ కన్నడమూ ఒకటేగా అంటే కొట్లాటకు దిగేది కూడా మనమే. రష్యాలో ఎంబీబీఎస్ చదివిన మా డ్యూటీ డాక్టరు ప్రయత్నించారు. ఆయన రష్యన్‌తో రొట్టె కొనుక్కోవచ్చు, బస్సెక్కొచ్చు. ఆపరేషన్ మాత్రం చేయించుకోలేం.

పటమటలో ఉండే కరుణమ్మగారి పేరు చెప్పింది ఆయనే. ఉక్రెయిన్లో మన విద్యార్థులకు పన్నెండేళ్లు మెస్ నడిపిన మనిషి. ఎవరికి జ్వరమొచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లి, అక్కడి డాక్టర్లతో వాళ్ల భాషలో మాట్లాడింది ఆవిడే. యుద్ధం మొదలయ్యాక తిరిగొచ్చేశారు. ఫోన్ చేస్తే చేతికి దోసెల పిండితోనే ఆటో దిగారు.

మిర్కో మాట కాసేపు విన్నారు. "ఇది నాకొచ్చిన భాష కాదండీ, దాని పినతల్లి కూతురు. సగం అందుతుంది. అందంది అందలేదనే చెప్తా, తర్వాత నన్ననొద్దు."

ఇంత నిజాయితీ మా ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషన్‌కు తప్ప లేదు. ప్రతి ప్రశ్నా రెండు రకాలుగా అడిగారు, వేలు పెట్టి చూపించి మరీ అడిగారు. నాలుగుసార్లు "అందలేదండీ" అన్నారు.

చివరగా, ఏ మందైనా పడదేమో అడగమన్నారు సర్జన్. ఆవిడ అడిగి, మిర్కో మొహం మీదకు వంగి విని, తలెత్తారు.

"పెన్సిలిన్ పడదంటండీ. చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో ఇస్తే గొంతు వాచి ప్రాణం మీదకొచ్చిందంట."

సర్జన్ అప్పటికే రాసిన ఇంజెక్షన్ కొట్టేసి వేరేది రాశారు. మిర్కో బతికాడు. ఆ గదిలో గాలి హోరెత్తలేదు, కుక్క ఏడవలేదు. ఏసీ మాత్రం రోజూలాగే నీళ్లు కార్చింది.

ఆపరేషన్‌కు ముందు రోగితో మాట్లాడేదంతా మేం వీడియో తీస్తాం. మర్నాడు మిర్కో కంపెనీవాళ్లు ఫోన్లో ఒక సెర్బియన్ అనువాదకురాలిని కలిపారు. వీడియో, కేసు షీటూ పంపితే ఆమె అన్నీ సరిచూసి కరుణమ్మగారిని తెగ మెచ్చుకుంది. ఒక్క సందేహం అడిగింది: పెన్సిలిన్ సంగతి అతను ఎక్కడ చెప్పాడు?

వీడియో పదకొండుసార్లు చూశాను. ఆ చోట మిర్కో కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదవులు కదల్లేదు. మూలుగు కూడా లేదు.

కరుణమ్మగారికి చూపించాను. "అన్నాడు బాబూ. అనని మాట నేనెందుకు చెప్తా?" అని కాస్త నొచ్చుకున్నారు.

అనువాదకురాలి చేత మిర్కోనే అడిగించాను. పెన్సిలిన్ నిజమే, అమ్మమ్మ ఇల్లూ నిజమే. "చెప్పాలనే చూశాను, నోరు రాలేదు. చెప్పకుండానే మత్తులోకి పోతానని భయపడ్డాను" అన్నాడట.

నాలుగుసార్లు అందలేదని ఒప్పుకున్న మనిషికి, అసలు అననే అనని అయిదో మాట ఎలా అందింది? ఇప్పటికీ ఎవరైనా అడిగితే నేనూ ఆవిడ మాటే చెప్తాను.

అందలేదండీ.