పడమటి గదికి ఏ తెలుపు

కారంపూడి చుట్టుపక్కల ఇల్లు కట్టాలనుకునేవాళ్ళు ముహూర్తం కంటే ముందు మజీద్ మేస్త్రి తీరిక కనుక్కునేవారు. అబ్దుల్ మజీద్ పదహారో ఏట ఇటుకలు మోయడానికి వచ్చి, ఇరవై రెండుకు తాపీ పట్టి, ముప్పై దాటకముందే మేస్త్రి అనిపించుకున్నాడు. మాట కటువు, పని గట్టి. కూలివాడు సిమెంటు మాలు పలచగా కలిపితే, "నీ ఇంటికైతే ఇట్టనే కలుపుతావా?" అని అందరి ముందే కడిగేసేవాడు.

అక్కడి నల్లరేగడి మాయదారి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. దాని మీద గోడ నిలవాలంటే అడుగున బండ తగిలేదాకా తవ్వాలి. మజీద్ ప్రతి గుంటలోకీ తానే దిగి, గడ్డపారతో పొడిచి, అది ఖంగుమన్నాకే కాంక్రీటు పోయనిచ్చేవాడు. "మజీద్ పునాది" అంటే ఆ చుట్టుపక్కల తిరుగులేదు. ఆ మాటంటే అతనికి ప్రాణం. పైకి చెప్పుకోడు గానీ, కాస్త గర్వం కూడా.

ఆ గర్వమే అతని కొంప ముంచింది. పోయిన జూన్‌లో సుభాషిణి ఇంటికి పునాదులు తీస్తున్నాడు. సుభాషిణి గురజాల ఆసుపత్రిలో నర్సు, భర్తకు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఇంటిపని మొత్తం మజీద్ మీద వదిలేసి, ఇద్దరూ డ్యూటీలకు పోయేవారు. స్థలం ఆమె తల్లి రామాయమ్మ అత్తవారిది, ఎప్పుడో కూలిపోయిన పాత ఇంటి దొడ్డి. పడమటి మూల గుంటలో గడ్డపార వేస్తే ఖంగుమనలేదు. పిడిదాకా మెత్తగా దిగబడిపోయింది. పైకి లాగితే ముక్కిన జొన్నల వాసన.

అది పాతర. వెనకటి రోజుల్లో జొన్నలు నిలవ చేసుకోవడానికి తవ్వుకున్న గొయ్యి. పైన మూతి ఇరుకు, లోపల గది అంత వెడల్పు. ఎవరో చెత్తా చెదారం పోసి పూడ్చి వదిలేశారు.

పైన మబ్బు కమ్ముకొస్తోంది. కాంక్రీటు కలిపే మిషను వచ్చి నిలబడింది. ఆపితే గుంటలన్నీ నీళ్ళతో నిండి, గట్లు విరిగి పడతాయి. అప్పుడైనా సుభాషిణికి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చేయలేదు. స్థలం మంచిది కాదని మానుకుంటారేమో, మజీద్‌కు గుంట చేతకాలేదని ఊళ్ళో అనుకుంటారేమో అనుకున్నాడు. ట్రాక్టరు రాళ్ళూ ఇసుకా పోయించి, దిమ్మిస కొట్టించి, దాని మీదే పిల్లరు లేపాడు. "ఇంత బరువు పడ్డాక ఇంకేం కదులుద్ది" అని తనకు తానే చెప్పుకున్నాడు. తన కూలివాడు అదే మాట అని ఉంటే చెంప పగలగొట్టేవాడు. సాయంత్రం సుభాషిణి అడిగితే, "గుంటల్లో ఏమీ తగల్లేదమ్మా" అన్నాడు.

ఇల్లు లేచింది. స్లాబు పడింది. పుట్టీ పెట్టి ప్రైమరు కొట్టారు. ఏప్రిల్ ఎండలకు నేల బిగుసుకోవడం మొదలైన రోజున, పడమటి గది కిటికీ మూల నుంచి వెంట్రుక మందాన ఒక గీత బయలుదేరింది. మజీద్ ఎవరూ చూడకుండా పుట్టీతో మూసేశాడు. పది రోజులకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ మూశాడు. ఈసారి వారానికే వచ్చింది, ఇంకో జానెడు పొడుగుతో.

ఆ రోజు నుంచి మనిషికి తిండి సయించలేదు. పొద్దున్నే వచ్చి ముందు ఆ గోడ చూడందే ఇంకో గదిలో అడుగు పెట్టేవాడు కాదు. భార్య గుల్షన్ అతని వాలకం చూసి షుగరేమోనని పరీక్ష చేయించింది. రిపోర్టులో ఏమీ లేదు. భయానికి ఏ ల్యాబులోనూ పరీక్ష లేదు మరి.

ఇట్లాంటి సమయంలో సుభాషిణి నరసరావుపేట నుంచి రంగుల కార్డు పట్టుకొచ్చి, "లోపలంతా తెలుపే బాబాయ్" అంది.

మజీద్‌కు మొదట ఆ గోడే గుర్తొచ్చింది. ముదురు రంగయితే గీత కొన్నాళ్ళు దాగుతుంది. తెల్లగోడ మీద చీమ పాకినా కనపడుతుంది.

"తెలుపేందమ్మా, ఆసుపత్రిలో చూసి చూసి విసుగు పుట్టలా? రోడ్డు దుమ్ము, సిమెంటు దుమ్ము, నాలుగు రోజుల్లో మాసిపోద్ది. గోధుమ రంగు వేద్దాం, చానా పెద్దరికంగా ఉంటది."

"అమ్మకి చూపు సరిగా ఆనట్లా బాబాయ్. గోడలు తెల్లగా ఉంటే గడపలు, గుమ్మాలు కాస్త తెలుస్తయ్యి."

"పోనీ పడమటి గది ఒక్కదానికి నీలం..."

"ఆ గదే అమ్మది. ముఖ్యంగా దానికే తెలుపు కావాల."

మజీద్ కార్డు తిరగేశాడు. ఆ కార్డులో తెలుపులు నాలుగున్నాయి, ఒకటి పాల తెలుపు, ఒకటి మీగడ తెలుపు, ఒకటి ముత్యం, ఒకటి మల్లె. "తెలుపుల్లో కూడా ఇన్ని కులాలున్నయ్యా!" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. నాలుగూ పడమటి గది గోడకే నాలుగు పలకలుగా పూసి పెట్టమనీ, ఆదివారం అమ్మను తీసుకొచ్చి ఎంచుకుంటామనీ చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

శనివారం మజీద్ పగులును నిండా మూసి, దాని మీదుగానే నాలుగు పలకలూ పూశాడు. కిటికీ పక్కన, ఎవరి కంటా పడని చోట పగులుకు అడ్డంగా ఒక సన్నటి కాగితం ముక్క అంటించాడు. గోడ కదులుతుందో లేదో మేస్త్రీలు చూసుకునే పద్ధతి అది. కదలకపోతే కాగితం అట్లాగే ఉంటుంది. ఇంటికి వెళుతూ, ఎప్పుడూ అడగనివాడు, ఆ రాత్రికి గోడ కదలకుండా చూడమని అల్లాను వేడుకున్నాడు.

ఆదివారం పొద్దున వచ్చి చూసేసరికి కాగితం రెండు ముక్కలైంది. పాల తెలుపు నుంచి మల్లె తెలుపు దాకా నాలుగు పలకలనూ కోసుకుంటూ గీత పైకి పాకింది. మజీద్ కాగితం ముక్కలు పీకేశాడు. తుడిచేద్దామా, మళ్ళీ మూద్దామా అనుకుంటుండగానే వీధిలో ఆటో ఆగింది. కుడితిలో పడ్డ ఎలుకలా గదిలో అటూ ఇటూ తిరిగి, చివరికి వీపు గోడకు ఆనించి పగులుకు అడ్డంగా నిలబడ్డాడు.

సుభాషిణి తల్లిని చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకొచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ రామాయమ్మ గోడ తడుముకుంటూ వచ్చి, "వెలుతురు బాగుందే" అని సంబరపడింది.

"అమ్మా, నీ మంచం ఇక్కడేస్తాం. తల ఈ గోడవైపు. బాబాయ్, కాస్త జరుగు, రంగులు చూద్దాం."

మజీద్ జరగలేదు.

"ఏంది బాబాయ్, జరగవే?"

ఆ ముసలావిడ తల ఈ గోడ కింద. అర్ధరాత్రి వాన. ఇటుకలు. మజీద్ కళ్ళ ముందు అదంతా ఒక్కసారిగా తిరిగింది. ఇంతకాలం పరువు పోతుందని భయపడ్డాడు. ఇప్పుడు పరువు గుర్తే లేదు.

"ఈ గదిలో పెద్దమ్మను పడుకోబెట్టబాకమ్మా" అన్నాడు. పక్కకు తప్పుకున్నాడు. "కింద పాతర ఉంది. పునాదులప్పుడే తగిలింది. నీకు చెప్పలా. రాళ్ళు పోసి పైన పిల్లరు లేపా. గోడ కుంగతా ఉంది. నేను తప్పు చేశా."

సుభాషిణి గీతను చూసింది. చూపుడువేలు దాని మీద పెట్టి పై దాకా తీసుకెళ్ళింది. ఆమె ముఖంలో రంగు పోయింది. తిడుతుందని అతను కాచుకున్నాడు, తిట్టినా బాగుండేది.

"పది నెలలు" అంది చివరికి. "పది నెలలు రోజూ నా ముఖం చూసి మాట్టాడావే!"

మజీద్ తల ఎత్తలేదు. "నా చేత్తోనే బాగు చేస్తా. పిల్లరు పక్కన తవ్వి, పాతర అడుగుదాకా దిగి, బండ మీద నుంచి కాంక్రీటు కట్టుకొస్తా. అది గట్టిపడేదాకా ఎవ్వరూ ఇంట్లో కాపురం పెట్టబాకండి."

అప్పటిదాకా గోడ పట్టుకుని వింటున్న రామాయమ్మ, "ఏం తగిలిందంటన్నావు నాయనా, పాతరా?" అని అడిగింది.

"అవును పెద్దమ్మా."

"ఒకటేనా?"

మజీద్ తల ఎత్తాడు.

"రెండు గదా ఉండాల. మా అత్త ఒకదాంట్లో జొన్నలు, ఒకదాంట్లో వరిగలు పోయించేది. నువ్వేమీ తగల్లేదని అన్నావని మా అమ్మాయి చెప్తే, మేం పూడ్పించిందే గట్టిపడ్డదేమో అనుకున్నా. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ రోజే నన్ను ఒక్క మాట అడిగితే చూపించేదాన్ని గదయ్యా, అప్పటికి నాకు చూపుండె."

"రెండోది యాడ పెద్దమ్మా?"

"దీనికి ఎదురుగానే. తూర్పుకి పది పన్నెండు అడుగులు. పెద్దది అదే."

మజీద్ ఆ గోడ నుంచి అడుగులు కొలుచుకుంటూ గది గడప దాటాడు. పన్నెండో అడుగు హాలు మధ్య పిల్లరు దగ్గర ఆగింది. స్లాబు బరువు సగం మోసేది అదే. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు కూడా దాని నెత్తినే ఉంది. ఆ గుంటలో గడ్డపార ఖంగుమన్నదా? గుర్తు చేసుకోబోయాడు. ఆ రోజు మబ్బు, మిషను మోత, మొదటి గుంట తెచ్చిన కంగారు అన్నీ గుర్తొచ్చాయి. ఈ గుంటలోకి తాను దిగాడో లేదో మాత్రం గుర్తు రాలేదు. అసలు దిగి ఉండడేమో. చెమట కారి కళ్ళలో పడుతున్నా తుడుచుకోలేదు. పిల్లరు మీద చెయ్యి వేశాడు, చెయ్యి వణుకుతోందో పిల్లరు వణుకుతోందో అతనికి తెలియలేదు.

సుభాషిణి తల్లిని దాదాపు మోసుకుంటూ ముందు గుమ్మం దాటించింది. వీధిలో నిలబడి వెనక్కి తిరిగి చూసింది.

"బాబాయ్! నువ్వు కూడా బయటికి రా. ముందు బయటికి రా!"

నలభై ఏళ్ళ పనిలో మజీద్ ఎన్ని ఇళ్ళు కట్టాడో అతనికే లెక్క తెలియదు. తాను కట్టిన ఇంట్లోంచి ప్రాణభయంతో పరిగెత్తి బయటపడటం మాత్రం అదే మొదటిసారి.