పెన్సిల్‌తో రాసిన సబ్జెక్టు

ఏ సబ్జెక్టు తీసుకోవాలో తేల్చుకోలేని వాళ్ళను మా వరంగల్ కాలేజీలో తెలుగు సారు దగ్గరికి పంపేవారు. చదువంతా ఉర్దూలో సాగే రోజులవి. తెలుగు తీసుకునేవాళ్ళు లేక ఆయనకు తీరిక ఎక్కువ.

చదువు కుదరకపోతే వచ్చి దుకాణంలో కూర్చోమని నెక్కొండలో రైలెక్కించేటప్పుడే మా నాయన చెప్పాడు. ఆ భయంతోనే సారు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా ఫారంలో కెమిస్ట్రీ అని పెన్సిల్‌తో రాశారు.

"ఒక వారం ఆ క్లాసుల కూసోని చూడు. ఫికర్ చెయ్యకు, పెన్సిల్‌తోనే గద రాసిన."

వారం తర్వాత నచ్చలేదన్నాను. ఆయన రబ్బరుతో చెరిపి, ఆ పొట్టు అరచేతిలోకి తీసుకొని, కిటికీలోంచి బయటికి ఊది, చరిత్ర అని రాశారు. ఆ తర్వాత లెక్కలు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

లెక్కలు కుదిరాయి. సిరాతో రాయించుకోవడానికి వెళ్ళిన రోజు ఆయన తెలుగు క్లాసు గదిలో నల్లబల్ల మీద కొత్త పద్యం ఉంది. వెళ్ళిన ప్రతిసారీ ఒక కొత్త పద్యం ఉండేది. బెంచీలు మాత్రం ఎప్పుడూ ఖాళీయే.

"ఇది ఎవరి కోసం సార్?" అన్నాను.

"ఎవలన్న వస్తే తయారుండాలె గద, బిడ్డా."

ఆయన లెక్కలు అని సిరాతో రాసి, ఆరేదాకా ఊది, ఫారం నా చేతికిచ్చారు.

ఆ గదిలో ఒక వారం కూర్చొని చూడమని ఆయన నాతో అనలేదు. నాకూ తోచలేదు.