విల్హో రౌటియోలా ఇంట్లో తొంభై నాలుగు డిగ్రీలు

విల్హో రౌటియోలా ముప్పై నాలుగేళ్ళు కౌంటీ వాళ్ళ మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. ఆ ముప్పై నాలుగేళ్ళలో అతనితో మాట్లాడామని చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, అతను తమతో మాట్లాడాడని చెప్పుకునేవాళ్ళు తక్కువ. ఈ టపియోలా ఊళ్ళో మగాళ్ళెవరికీ నోరు పెద్దగా లేవదు. ఫిన్లండ్ నుంచి ఈ దేశానికి తాతలు మోసుకొచ్చిన ఆస్తి అదొక్కటేనని ఆడవాళ్ళు అంటుంటారు. విల్హో ఆ తక్కువలో కూడా తక్కువ. పెళ్ళినాడు పాస్టరు అడిగిన ప్రశ్నకు తల ఊపి ఊరుకుంటే, "నోటితో చెప్పాలి నాయనా" అని ఆయన మళ్ళీ అడగాల్సి వచ్చింది.

అతనికి ఊళ్ళో పేరు తెచ్చింది సౌనా. శనివారం సాయంత్రం ఆ ఆవిరి గదిలో పై బల్ల మీద కూర్చున్నాడంటే, ముందుగా లేచింది ఏనాడూ అతను కాదు. కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తారు, ఆవిరి వచ్చి చెవులు కాలుస్తుంది, ఎవరూ కిక్కురుమనరు. ఎవడు ముందు తలుపు తీసుకుని బయటికి పోతే వాడు ఓడినట్టు. దీన్ని పందెమని ఎవరూ పైకి అనరు. చర్చి కమిటీ పెద్దమనిషి ఒకాయన విల్హో పక్కన పంతానికి కూర్చుని, తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు. ఆడవాళ్ళ వంతులో విల్హో భార్య ఐలికీ అలాంటి పేరే ఉంది. ఆ సంగతి తెలిసి కూడా ఆ ఇంట్లోకి ఇల్లు వెచ్చబెట్టే కట్టెల పొయ్యి అంత పెద్దది తేవడం విల్హో చేసిన పొరపాటు.

తేవడానికి కారణం లేకపోలేదు. పదకొండేళ్ళుగా ఐలి ప్రతి జనవరి ఆరున క్రిస్మస్ చెట్టు తీసేసి, పెట్టె సర్దుకుని, హాన్‌కాక్‌లో ఉన్న అక్క వియెనో ఇంటికి వెళ్ళిపోతోంది. మళ్ళీ మార్చి నెలాఖరుకు గానీ రాదు. అడిగినవాళ్ళకి ఒకటే మాట చెబుతుంది. "ఈ ఇంట్లో చలికి నా వేళ్ళు కొయ్యబారిపోతున్నాయి." విల్హో ఆమెను బండిలో దింపుతాడు, పెట్టె గుమ్మంలో పెడతాడు, తల ఊపుతాడు, వెనక్కి వస్తాడు. ఆ దాదాపు మూడు నెలలూ బంగాళాదుంపలు, సాసేజీలు, డబ్బా చిక్కుడు గింజలు. అతనికి ఆ రోజులంటే భయం. అరవై ఆరేళ్ళ మనిషి, తుఫానులో కొండ రోడ్డు మీద బండి నడిపినవాడు, డిసెంబరు వచ్చిందంటే కాలెండరు వైపు చూడడు. పోయిన మార్చిలో ఒక నిర్ణయానికి వచ్చాడు. చలి వల్ల వెళ్తోంది కాబట్టి చలే లేకుండా చేస్తే వెళ్ళదు. ఈసారి ఐలి వెళ్ళకూడదు. అతనికి ఈ భూమ్మీద కావలసింది అంతే.

అక్టోబరులో ఇద్దరూ పొయ్యి కొనడానికి వెళ్ళారు. షాపులో నిరుడు మిగిలిపోయిన సరుకు ఒకటి మూలన పడి ఉంది. పక్కన చిన్న సొట్ట. ఇనప రేకు కొంచెం పలచన, తలుపు పిడి వదులు, కానీ సైజు మాత్రం చిన్న ఆవుదూడను లోపల కట్టెయ్యొచ్చు. మూడు వేల చదరపు అడుగుల ఇంటిని వెచ్చబెడుతుందని దాని మీద రాసి ఉంది. వీళ్ళ ఇల్లు వరండాతో కలిపి తొమ్మిది వందలు.

"చిన్నది చాలు విల్హో," అంది ఐలి.

"పెద్దది చవక."

అది నిజమే. సొట్ట పుణ్యమా అని చిన్నదాని కంటే పెద్దదే తక్కువకి వచ్చింది. ఆ మాటతో చర్చ ముగిసింది.

దాన్ని ఇంట్లోకి చేర్చడానికి పక్కింటి క్లారెన్స్ ట్రెవారో వచ్చాడు. క్లారెన్స్ తాతలు రాగి గనుల్లో పనికని ఇంగ్లీషు దేశం నుంచి వచ్చిన కార్నిష్ వాళ్ళు, వాగుడుకు పేరుపడ్డవాళ్ళు, కాబట్టి ఆ ఇంట్లో పుట్టినవాళ్ళ నోటికి గొళ్ళెం ఉండదు. అప్పటికే మంచు పడింది; దాని మీద జారే చెక్కబల్లకెక్కించి పొయ్యిని ఈడ్చుకొస్తున్నంత సేపూ వాగుతూనే ఉన్నాడు.

"ఏరా విల్హో, ఇది ఇంటికా, హైస్కూలుకా? ముందు దీన్ని పెట్టేసి దాని చుట్టూ కొత్తిల్లు కట్టుకో, అదే తేలిక. ఐలీ, నువ్వైనా చెప్పొద్దూ?"

"చెప్పాను," అంది ఐలి.

విల్హో పొయ్యిని గుమ్మంలోంచి లోపలికి తోశాడు. మొదటి మంట మాత్రం తలుపులూ కిటికీలూ తీసి వెయ్యాలని, కొత్త రంగు కాలి పొగ వస్తుందని పొయ్యితో వచ్చిన కాగితంలో రాసి ఉంది. విల్హో జన్మలో అలాంటి కాగితం చదివి ఎరగడు. అరగంటలో ఇల్లంతా నీలం పొగ కమ్ముకుంది, పొగ గంట మోగింది, మొగుడూ పెళ్ళామూ చెప్పులు లేకుండా మంచులో నిలబడ్డారు. క్లారెన్స్ తన వరండాలోంచి కాఫీ కప్పు ఎత్తి చూపించాడు.

పొగ పోయాక వేడి వచ్చింది. అసలు కథ అక్కడ మొదలైంది.

ఇక్కడి కొలతలో ఇంట్లో డెబ్బై డిగ్రీలుంటే మనిషికి సుఖం. రెండో రోజుకే గోడ మీద ముల్లు ఎనభై ఎనిమిది చూపించింది. మూడు కట్టెలే వేసి చూశాడు, ఎనభై ఆరు. గాలి వెళ్ళే మీట బిగించి చూశాడు, మంట ఉక్కిరిబిక్కిరై పొయ్యి తలుపు అద్దం నల్లగా మాడింది. క్లారెన్స్ ఆ పొగ రంగు చూసి పరిగెత్తుకొచ్చాడు.

"గాలి బిగించకురా బాబూ. గొట్టం లోపల తారు పేరుకుంటుంది. ఏదో ఒకరోజు గొట్టమే అంటుకుని కప్పు మీద బాణసంచా పేలుతుంది. ఈ పొయ్యి మండితే బాగా మండాలి, లేకపోతే ఊరుకోవాలి. నీలాగా మూతి బిగించుకుంటే కుదరదు."

సరే, బాగానే మండించాడు. రెండేళ్ళు ఎండిన మేపుల్ కట్టెలు, రెండడుగుల పొడుగువి. థాంక్స్‌గివింగ్ పండగ, అంటే నవంబరు నెలాఖరు, వెళ్ళేసరికి ఇల్లు తొంభై నాలుగుకి చేరింది, అక్కడ స్థిరపడింది. బల్ల మీద వెన్న గిన్నెలో నూనెలా నిలబడింది. ఏలకుల రొట్టెకి కలిపిన పిండి పొంగి గిన్నె దాటి, గట్టు దాటి, సొరుగులోకి దిగింది. కిటికీలో పెట్టిన క్రిస్మస్ కొవ్వొత్తులు నడుం వంచి వచ్చేవాళ్ళకి నమస్కారం పెట్టాయి. పిల్లి మిర్రి రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు కట్టెల కొట్టంలోకి కాపురం మార్చేసింది. ఆ ఇంట్లో బుద్ధి ఉన్నది దానికొక్కదానికే.

ఒక్క కిటికీ తీస్తే సరిపోయేది. ఎవరు తియ్యాలి అన్నదే చిక్కు. పదకొండేళ్ళు చలి చలి అని మొత్తుకున్న ఐలి ఇప్పుడు ఉక్కగా ఉందని ఏ మొహం పెట్టుకుని అంటుంది? చిన్నది చాలని ఆమె చెప్పినా వినని విల్హో ఇప్పుడు కిటికీ తీస్తే పెద్దది తప్పని ఒప్పుకున్నట్టే. అందుకని ఇద్దరూ నోరు మూసుకుని, చెమటలు తుడుచుకోకుండా కూర్చున్నారు. తుడుచుకోవడం కూడా ఓటమి కిందే లెక్క. ఇల్లంతా పై బల్ల అయిపోయింది, శనివారమని కూడా లేకుండా.

విల్హో ఉన్ని చొక్కా విప్పలేదు. అది చూసి ఐలి ఒకరోజు లోపలికి వెళ్ళి శాలువా కప్పుకుని వచ్చింది.

"కాస్త చలిగాలి వేస్తున్నట్టు లేదూ?" అంది, ముక్కు చివర చెమట చుక్క వేలాడుతుండగా.

విల్హో లేచి ఇంకో కట్టె వేశాడు.

మర్నాడు ఐలి ఉన్ని మేజోళ్ళు తొడుక్కుంది. విల్హో రెండు కట్టెలు వేశాడు. ఆ వారంలోనే క్లారెన్స్ పలకరించిపోదామని వచ్చాడు. గుమ్మంలో కోటు విప్పాడు, కుర్చీ దగ్గరికి వచ్చేసరికి స్వెట్టరు విప్పాడు, కాఫీ చేతికందేసరికి చొక్కా కూడా విప్పి బనీనుతో కూర్చున్నాడు. కాఫీ తాగలేక చల్లారబెట్టుకుందామని కింద పెట్టాడు. అది చల్లారలేదు.

"ఒకమాట అడుగుతా, ఏమీ అనుకోకండి," అన్నాడు. "ఆ కిటికీ తియ్యొచ్చుగా?"

"దేనికి?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

క్లారెన్స్ ఒకసారి ఇతన్నీ ఒకసారి ఆమెనూ చూసి, బట్టలు చంకలో పెట్టుకుని, బనీనుతోనే మంచులో నడుచుకుంటూ ఇంటికి పోయాడు. టపియోలాలో ఆ కథ రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోయింది.

లోపల్లోపల విల్హో మాత్రం సంతోషంగానే ఉన్నాడు. నడినెత్తి మాడుతున్నా సరే, ఐలి వేళ్ళు కొయ్యబారడం లేదు. చేతికి గాజులా ఊలు చుట్టుకుని ఎంత చురుగ్గా అల్లుతోందో దొంగచూపుగా చూసుకునేవాడు. ఇంక ఎక్కడికి వెళ్తుంది, ఎందుకు వెళ్తుంది అనుకున్నాడు. ఏళ్ళ తర్వాత మొదటిసారి కాలెండరు వైపు ధైర్యంగా చూశాడు.

జనవరి ఆరు పొద్దున్నే ఐలి క్రిస్మస్ చెట్టు తీసింది. తియ్యడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, ఆకులన్నీ డిసెంబరులోనే రాలిపోయాయి. మోడును బయట పడేసి వచ్చి, మేడ మీదికి వెళ్ళి, పెట్టె పట్టుకుని దిగింది.

విల్హో పెట్టెను చూశాడు, పొయ్యిని చూశాడు. చలి వేస్తే వెళ్ళింది, సరే. మరి ఇప్పుడెందుకు? వేడి వల్లా? అంటే నేనే తగలేశానా? నేనే కట్టె మీద కట్టె వేసి ఆమెను గుమ్మం దాకా తరిమానా? అతనికి ఊపిరి ఆడలేదు. అది తొంభై నాలుగు డిగ్రీల వల్ల కాదని అతనికీ తెలుసు.

లేచాడు. వంటింటి కిటికీ రెక్క పట్టుకుని పైకి లాగాడు. రంగు అతుక్కుని రాకపోతే భుజంతో గుద్ది తెరిచాడు. తర్వాత ముందుగది కిటికీ, దాని పక్కది. మంచు గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి, బల్ల మీద పేపర్లు లేపి, పొయ్యి మీద పడి సుయ్యిమంది. విల్హో రౌటియోలా ఓడిపోయాడు. చూసినవాళ్ళు ఐలి ఒక్కతే, ఆమె నవ్వలేదు.

"పెద్దది కొన్నాను," అన్నాడు అతను, ఆమె వైపు తిరక్కుండానే. "తప్పే."

ఐలి పెట్టె కింద పెట్టింది.

"నువ్వు వెళ్ళకుండా ఉంటావని కొన్నా," అన్నాడు.

ఆమె పెట్టె మీదే కూర్చుని శాలువా తీసేసింది.

"వియెనో ఇంట్లో ఎంత ఉంటుందో తెలుసా నీకు? అరవై. అంతకు మించి ముల్లు కదలనివ్వదు, పిసినారి పీనుగ. నేను అక్కడ కోటు వేసుకుని పడుకుంటా, టోపీతో సహా."

విల్హో తిరిగి చూశాడు. "మరి?"

"పొద్దున లేవగానే అది అడుగుతుంది, ఎలా పట్టిందే నిద్ర అని. నేనేదో చెప్తా. అది సగం విని దాని మోకాలి కథ ఎత్తుకుంటుంది. నేను నా వేళ్ళ సంగతి చెప్తా. అలా అలా మధ్యాహ్నం అవుతుంది. ఏమీ ఉండదు ఆ మాటల్లో. ఉత్త సోది. ఇక్కడ నిరుడు క్రిస్మస్ వెళ్ళాక రెండు రోజుల్లో నువ్వు నాతో అన్న మాటలు నేను లెక్కబెట్టా విల్హో. ఒకటి. ఉప్పు అన్నావు."

విల్హోకి అది గుర్తుంది. కూరలో తగ్గింది, అందుకని అడిగాడు. అప్పుడు అదే సరిపోయిందనుకున్నాడు.

అతను వచ్చి ఆమె ఎదురుగా, నేల మీద కూర్చున్నాడు. నలుగురి బరువుండే ఆ పొయ్యిని గుమ్మం దాటించినప్పుడు కూడా అంత కష్టపడలేదు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"నిన్ను దింపి వచ్చిన రోజు రెండు కప్పుల్లో కాఫీ పోస్తా," అన్నాడు. "అలవాటు మీద. పోశాక గుర్తొస్తుంది. నీది వెనక్కి కెటిల్లో పొయ్యబుద్ధి కాదు. నాది తాగేసి నీదాన్ని చూస్తూ కూచుంటా. అది చల్లారిపోయేదాకా. తర్వాత అదీ తాగుతా."

"ఒక్కరోజా?"

"రోజూనూ."

"పదకొండేళ్ళా?"

అతను తల ఊపబోయి ఆగాడు. "పదకొండేళ్ళూ," అని నోటితోనే చెప్పాడు.

ఐలి శాలువా అంచుతో మొహం తుడుచుకుంది. నెలన్నరగా తుడుచుకోని చెమటంతా తుడుచుకుంది, దానితోబాటు ఇంకోటి కూడా తుడుచుకుంది.

"ఈ మాట ముందే అని ఉంటే," అంది, "చిన్న పొయ్యి కూడా కొనక్కర్లేకపోయేది కదయ్యా."