వినపడనంత దూరం

మొన్న పొద్దున దీపం పెడుతుంటే చెల్లెలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మేడమ్ పోయిందట అక్కా. నిద్రలనే."

నేను ఒత్తి సవరించడం ఆపలేదు. 

మేడమ్ ఫిల్మ్‌నగర్‌లోని ఒక రికార్డింగ్ థియేటర్‌లో డబ్బింగ్ ఇన్‌చార్జి. ఏ పాత్రకు ఎవరి గొంతు పెట్టాలో ఆమే చూసేవారు. ఆమె మాకు చేసింది చెప్పాలంటే ముందు చెల్లెలి జబ్బు సంగతి చెప్పాలి. అందుకే ఇన్నేళ్లు నోరు విప్పలేదు. "ఇగ రాయి అక్కా, నేనే చెప్తున్న" అని చెల్లెలు అన్నాక రాస్తున్నాను.

చెల్లెలికి హెచ్‌ఐవీ ఉంది. భర్త నుంచి వచ్చింది. ఆయన పోయాకే మాకు తెలిసింది. ప్రభుత్వాసుపత్రిలో నెలనెలా ఇచ్చే మందులు పూట తప్పకుండా వేసుకుంటూ ఆ థియేటర్‌లో డబ్బింగ్ చెప్పే పనికి వెళ్లేది. బోరబండలో మా పక్కింటివాళ్లకు కూడా ఈ సంగతి తెలియదు. కాస్త కుదుటపడుతోంది అనుకునేసరికి నగరంలో స్వైన్ ఫ్లూ మొదలైంది.

ఊళ్లో అందరికీ ఒక భయం, మాకు రెండు. ఫ్లూ సోకితే దాని ఒళ్లు తట్టుకోలేదేమోనని ఒకటి. మందులు ఆగితే మొదటికే మోసమని ఇంకొకటి. ఆ మందులిచ్చే ఆసుపత్రిలోనే ఫ్లూ అనుమానం ఉన్నవాళ్ల వరస. మందులకు చెల్లెలి బదులు నేనే వెళ్లేదాన్ని. ముక్కుకు కొంగు చుట్టుకుని, ఎవరు దగ్గినా రామనామం అనుకుంటూ నిలబడేదాన్ని. ఇంటికొచ్చి తలమీద నీళ్లు పోసుకునేదాకా దాన్ని దగ్గరకు రానిచ్చేదాన్ని కాదు.

థియేటర్‌లో మరో గండం. సంత సీను వస్తే గుంపు గొంతులు కావాలి. తలుపులు మూసిన ఏసీ గదిలో పదిమంది ఒక్క మైకు చుట్టూ చేరి అరవాలి. మాస్కుతో అరిస్తే పనికిరాదు. రానంటే మళ్లీ పిలవరు. ఎందుకు రాదో చెప్పే వీల్లేదు.

చెల్లెలు ఏవో వంకలు చెప్పి తప్పించుకుంది. చివరకు ఇన్‌చార్జి గారే ఫోన్ చేశారు. "సాకులు చాల్లే గానీ, రేపు పొద్దున్నే రా. గుంపేం ఉండదు, నువ్వొక్కదానివే."

సంతంతా దాని ఒక్కదాని చేతే చెప్పించారు. కూరగాయలమ్మి కేక, బేరమాడే ముసలమ్మ, తప్పిపోయిన పిల్ల ఏడుపు, అన్నీ విడివిడిగా తీసి కలిపేశారు. "మేడమ్ గారి దత్తపుత్రిక" అని తోటివాళ్లు దెప్పారట. "దాని నోటికే గది చాలట్లేదు, ఇంక మీకు చోటెక్కడ?" అన్నారట ఆమె. చెల్లెలి మాటలో మా ఇంటి యాస దొర్లితే మాత్రం ఊరుకునేవారు కాదు. "'వచ్చిండు' కాదే, 'వచ్చాడు'! సినిమాల్లో మీ మాటకీ రోజులొస్తాయిలే. అప్పటిదాకా ఈ గొంతు జాగ్రత్త."

సాయంత్రం చెల్లెలి మాత్ర వేళకు పని ఎంత జోరులో ఉన్నా ఆపి, అందరికీ టీ అనేవారు. ఆ టీ సంగతి విన్నాక నాకు నిద్రపట్టలేదు. ఆమెకు తెలిసిపోయిందా? తెలిస్తే పని ఉంటుందా?

ఒక మధ్యాహ్నం మా ఇంటిముందు ఆమె కారు ఆగింది. వెనక సీట్లో, పొద్దున పనికి వెళ్లిన చెల్లెలు జ్వరంతో ముడుచుకుని ఉంది. నన్ను కూడా ఎక్కించుకుని ఆమే నడుపుకుంటూ ఆసుపత్రికి బయల్దేరారు. చెల్లెలు నా చెవిలో, "జ్వరమనే చెప్దాం అక్కా. ఇంకోటి ఎత్తకు. మేడమ్ ఉంది" అంది. దాని ఊపిరి నా మెడకు నిప్పులా తగిలింది.

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "డాక్టరు దగ్గర ఏదీ దాచొద్దమ్మా" అన్నారు. "నా దగ్గర దాచుకో. నేనేం అనుకోను."

ఆసుపత్రిలో వరండాలోనే బల్ల వేసి చూస్తున్నారు. "ఇంకేమైనా జబ్బులున్నాయా? మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరు అడిగారు. చెల్లెలు నా వైపు చూసింది. తర్వాత మేడమ్ వైపు చూసింది.

థియేటర్‌లో అద్దం అవతల గదిలో ఉన్నా, ఊపిరి తప్పితే పట్టేసే చెవులు ఆమెవి. చెల్లెలి చేతిసంచి నా ఒళ్లో పెట్టి లేచారు. వరండా దిగి, అంబులెన్సులు దాటి, గేటు దగ్గర గోడవైపు తిరిగి నిలబడ్డారు.

చెల్లెలు అంతా చెప్పింది. డాక్టరు అప్పటికప్పుడే ఫ్లూ మందు మొదలుపెట్టారు. రోజూ వేసుకునే మందులు ఒక్క పూట కూడా ఆపొద్దన్నారు.

మేము వరండా దిగేసరికి ఆమె ఇంకా అలాగే, మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. చెల్లెలు దగ్గరికి వెళ్లి "మేడమ్" అంది. జ్వరానికి దాని గొంతు పూర్తిగా పోయింది. రెండోసారి పిలిచాకే ఆమె ఇటు తిరిగారు.