కుండల్లో మడినీళ్ళు

రంగూన్ నుంచి సిరియం వెళ్ళే లాంచీలో నలుగురు కనబడితే నా నోరు ఊరుకోదు. ఆ రోజు అమెరికా గుహల కథ ఎత్తుకున్నాను. పూర్వం మాయా జాతివాళ్ళు ఆ చీకట్లో కుండలనిండా బంగారం దాచారనీ, తవ్వకాల దొరతో దిగి రెండు కుండలు నేనే మోసుకొచ్చాననీ చెప్పాను.

ఎదుటి బల్లమీద ముసలి ఓడ కళాసీ ఒకడు నన్ను మింగేసేలా చూశాడు.

“బంగారం సూసినావేటి?”

“ఈ కళ్ళతోనే, మావా.”

“మావా అనకు. నీతో సుట్టరికం నాకొద్దు. ఓడ దిగి ఆ గుహల్లో మట్టి మోసినోణ్ణి నాను. కుండల్లో ఉన్నవి నీళ్ళు. గుహ కప్పునించి కారీ సుక్కలు నేల తగలకుండా ఆళ్ళ దేవుడికి పట్టీవోరంట, మన మడినీళ్ళ నాగ. నీలాటోడెవడో బంగారవని సెప్తే నమ్మి, మా తమ్ముడు దొర కన్నుగప్పి ఇంకా లోపలికి దూరినాడు. మరి రానేదు.”

నవ్వబోయాను.

“పళ్ళు కనబడ్డాయా, నదిలోకి తోసెత్తాను,” అన్నాడు. రేవు వచ్చేదాకా నామీదనుంచి చూపు తిప్పలేదు.

ఆ కథ ఇప్పటికీ చెబుతాను. కుండలు మోసింది నేనే. వాటిలో మాత్రం నీళ్ళే ఉంటాయి. అది వినగానే రంగూన్‌లో మా తామ్వే పేటలో సగంమంది లేచి వెళ్ళిపోతారు. పోనివ్వండి, ఇంటికే కదా పోయేది.