మొదటి అవార్డు సభనాడు వాన

మొన్న పోస్టులో ఒక ఆహ్వానపత్రం వచ్చింది. మా జిల్లాలో కథలకిచ్చే అవార్డుకు అరవయ్యేళ్ళు నిండాయట, తొలి గ్రహీత కుటుంబం తరఫున నేను రెండు మాటలు మాట్లాడాలట. కార్డు వెనక వేసిన పేర్లలో మొదటిది మా పెదనాయనది. ఆ మొదటి సభ ఎలా జరిగిందో ఇప్పటి కమిటీవాళ్ళకు తెలిసి ఉంటే నా చేతికి మైకు ఇచ్చేవాళ్ళు కాదేమో.

అవార్డు పెట్టింది మా బావ, అంటే అక్క మొగుడు. బత్తలపల్లె బడిలో తెలుగు అయ్యవారు. మన కరువు గురించి మనమే రాయాలంటూ ఇంకో ఇద్దరు అయ్యవార్లను కూడగట్టి కమిటీ చేశాడు. పదకొండు కథలొచ్చాయి. కమిటీవాళ్ళే రాసుకున్న ఎనిమిదింటినీ ఎంతో బాధతో పక్కన పెట్టగా మూడు మిగిలాయి, వాటిలో పెదనాయనది గెలిచింది. ఆయన నల్లమాడ దగ్గర పల్లెలో మెట్ట సేద్యం చేసుకునే మనిషి, ఐదో తరగతితో బడి మానేసినవాడు. శాలువా మీద ఆయనకు ఆశ లేదు గాని, తన కథను నలుగురి ముందు తన నోటితో చదవాలని మాత్రం గట్టి కోరిక. నెల రోజులు ఎద్దులకు చదివి వినిపించాడు. అవి నెమరు ఆపకుండా విన్నాయి. ఇంతకన్నా ఓపికగల శ్రోతలు బత్తలపల్లెలో దొరకరని నేను హెచ్చరించాను కూడా.

సభ జూలైలో, బడి ముందర బయలులో. నోటీసులు అచ్చువేసిన ప్రెస్సు సాయిబు ఒక్కడే అడిగాడు, "ఏమప్పా అయ్యవార్లూ, వానొస్తే జనం యాడ కూచుంటారు?" అని. అనంతపురం జిల్లాలో వానొస్తే అన్నందుకు కమిటీ అంతా పగలబడి నవ్వింది. హాస్యకథ అవార్డు ఆయనకిద్దామన్నాను నేను. పందిరి మాట ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం బావ స్వాగతం చెబుతుండగా చినుకు పడింది. రెండు వందల మంది రైతులు మొదట కదల్లేదు, తలెత్తి ఆకాశాన్ని చూశారు. తర్వాత దాదాపు అందరూ ఒక్కసారే లేచారు, తడుస్తామని కాదు, విత్తనాల గొర్రు సరిచేసుకోవడానికి. పెదనాయన కాగితాలు చేతబట్టుకుని వేదిక మీద నిలబడి, మా ఊరి దిక్కు చూస్తూ, "మన పక్క గూడా పడతాంటాదిరా" అన్నాడు.

"పడిందో లేదో ఎవరికెరుక మామా? రెండు పేజీలన్నా చదివి పో" అని బావ బతిమాలాడు.

"పోతేనే గదా అల్లుడా తెలిసేది. విత్తనమేసే పదును నేలలో రెండునాళ్ళకు మించి ఉండదు." కాగితాలు నా చేతిలో పెట్టాడు. "రేయ్, నువ్వు చదువు. ఎగతాళి చేసినావంటే చూడు."

పరుగున పోయి ఐదు గంటల బస్సెక్కినాడు. మిగిలిన తొమ్మిది మందిని బడి రేకుల గదిలో కూర్చోబెట్టి నేను చదివాను. ఏడాదంతా చుక్క పడని ఊరి కథ అది. రేకుల మీద వాన చప్పుడుకు నా మాట నాకే వినపడలేదు. అయినా చివరిదాకా చదివాను, ఒక్క జోకూ వేయకుండా.

వారం తర్వాత ఊరికి పోయాను. అక్కడా పడింది. మూడెకరాల చెనక్కాయ వేశాడు. నేను తీసుకుపోయిన శాలువా వైపు చూడనైనా చూడలేదు. "చదివినావా? ఏమన్నారు?" అన్నాడు. రేకుల సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి నోటికొచ్చిన ఎగతాళిని మింగి, "ఒక్కరూ లేయలేదు పెదనాయనా, అయిపోయేదాకా కూచున్నారు" అన్నాను. అబద్ధమూ కాదు, ఆ వానలో ఎవరు మాత్రం బయటికి పోతారు?

"ఇంగేం కావాలప్పా" అని నాగలి దిక్కు పోయినాడు.

తర్వాత చినుకు లేదు. పైరు ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టకముందే ఎండింది. ఆయన ఇంకో కథ రాయలేదు, చదవమని ఎవరూ పిలవనూ లేదు.

నిన్న పోయి సభ జరిగే హాలు చూసి వచ్చాను. బయట ఎంత వాన కురిసినా లోపలికి వినపడదట. ఇప్పుడు ఆ కథ చదివితే ఆఖరి కుర్చీదాకా ప్రతి మాటా అందుతుంది, చప్పట్లూ పడతాయి. కాని అది ఎవరి కథో వాళ్ళు ఆవేళే లేచి పొలాలకు పరిగెత్తారు, రాసినాయన కూడా వాళ్ళ వెనకే పోయాడు. ఇప్పటి సభల్లో చినుకు పడిందని లేచేవాళ్ళెవరూ ఉండరు.